అన్‌బౌండ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అన్‌బౌండ్‌ను (పేర్లకు ఐపీ చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్) సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపించే ప్రోగ్రాం) కింద నడపడం మీద నీ ముసాయిదా చదివాను. కమాండ్లు సరిగ్గానే ఉన్నాయి. ఏది ఎందుకో మాత్రం ఎక్కడా లేదు. ఇలాంటి వ్యాసాన్ని జనం వెతుక్కునేది సర్వర్ పడిపోయిన రాత్రి. అప్పుడు వాళ్లకు కావాల్సింది కారణమే.

మొట్టమొదట ఇది రాయి: డెమన్, అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వర్ ప్రోగ్రాం, తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోకూడదు. అన్‌బౌండ్‌ను ఊరికే నడిపితే ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలును ఇంకో ప్రాసెస్‌గా పుట్టిస్తుంది. తల్లి ప్రాసెస్ తప్పుకుంటుంది, బిడ్డ పనిచేస్తుంది. యూనిట్ ఫైల్లో (సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) టైప్=సింపుల్ ఉంటే సిస్టమ్‌డీ కన్ను తల్లి మీదే. అది సున్నా కోడ్‌తో వెళ్లిపోగానే సర్వీసు ముగిసిందనుకుని, అదే సీగ్రూపులో (ఆ సర్వీసు ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపు) మిగిలిన బిడ్డనూ చంపేస్తుంది. లాగ్ ఫైల్లో ఎర్రర్ కనపడదు, స్టేటస్ చూస్తే డెడ్. రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ పెట్టినా లేవదు; సున్నా అంటే ఫెయిల్యూర్ కాదుగా! ఆల్వేస్ పెడితే 100 మిల్లీసెకన్ల విరామంతో పడుతూ లేస్తూ, 10 సెకన్లలో 5 సార్లయ్యాక సిస్టమ్‌డీయే చేతులెత్తేస్తుంది. ఇంత గొడవా ఎగ్జెక్‌స్టార్ట్ వరుసలో (సర్వీసును లేపే కమాండ్ ఉండేది) ఫోర్క్ చేయొద్దని చెప్పే '-డి' మరిచినందుకు. బైండ్ అనే ఇంకో డీఎన్ఎస్ సర్వర్‌లో ఇదే పనికి '-ఎఫ్' వాడాలి. అక్కడ '-డి' అంటే డీబగ్ స్థాయి. పాఠకుడు ఒకదాన్ని చూసి ఇంకోదానిలో కాపీ కొడతాడు, కాబట్టి ఆ తేడా చెప్పు.

టైప్=నోటిఫై మేలు: సర్వర్ సిద్ధమయ్యాకే సిస్టమ్‌డీకి కబురు పంపుతుంది. అయితే సోర్సు నుంచి కంపైల్ చేసినప్పుడు '--ఎనేబుల్-సిస్టమ్‌డీ' ఇవ్వకపోతే ఆ కబురు రాదు, మామూలుగా 90 సెకన్లకు టైమవుట్ అవుతుంది. డెబియన్ ప్యాకేజీలో ఇవన్నీ అమర్చే ఉంటాయి, అక్కడ కొత్త యూనిట్ రాయించకు.

నీ మెట్ల వరుస తారుమారైంది. ఉబుంటులో 127.0.0.53 దగ్గర డీఎన్ఎస్ వాడే 53వ పోర్టును సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ (ఉబుంటు సొంత పేర్ల వెతుకులాట సర్వీసు) పట్టుకుని ఉంటుంది. అన్‌బౌండ్‌ను 0.0.0.0 మీద (అంటే అన్ని చిరునామాల మీదా) పెడితే 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అంటుంది, నిజమే. కానీ నువ్వు ముందు రిజాల్వ్‌డ్‌ను ఆపించి, ఆ తర్వాత ఆప్ట్‌తో (ప్యాకేజీలు దింపే కమాండ్) అన్‌బౌండ్ దింపుకోమన్నావు. పేర్లు వెతికిపెట్టేదే ఆగిపోయాక ఆప్ట్ ఎక్కడికని వెళ్తుంది? కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ముందు ఇన్‌స్టాల్, అన్‌బౌండ్-చెక్‌కాన్ఫ్‌తో కాన్ఫిగ్ పరీక్ష. ఆ తర్వాతే రిజాల్వ్‌డ్ 53ను వదిలేసేలా డీఎన్ఎస్‌స్టబ్‌లిజనర్=నో, రిజాల్వ్.కాన్ఫ్‌లో 127.0.0.1, చివరికి రెండు సర్వీసుల రీస్టార్ట్.

స్టేటస్ పచ్చగా కనపడగానే వ్యాసం ఆపేశావు. ఇల్లలకగానే పండగ కాదు. అన్‌బౌండ్ జవాబిస్తుందో లేదో చూసే 'డిగ్ @127.0.0.1' కొట్టించు, తర్వాత ఒకసారి రీబూట్ చేయించు. లాన్ ఐపీ మీద వినమని కాన్ఫిగ్‌లో రాసి ఉంటే, బూట్‌లో ఆ ఐపీ ఇంకా రాకముందే అన్‌బౌండ్ లేచి పడిపోతుంది. చేత్తో స్టార్ట్ చేస్తే బాగానే నడుస్తుంది కనుక పాఠకుడు తల పట్టుకుంటాడు. దానికి, ఇంకా రాని ఐపీ మీదా వినడానికి ఒప్పుకునే 'ఐపీ-ఫ్రీబైండ్: యెస్' చాలు. ఆ వరుస నీ ముసాయిదాలో లేదు, చేర్చి మళ్లీ పంపు.

అన్నయ్య