డిస్నీ చూసిన కళ్ళకు సాగర్ ఆనుతుందా?

చెల్లె, బతుకమ్మ నాడు పార్కింగ్ లాట్‌లో "డిస్నీ మరిగిన పిల్లాడికి మన ఊరు ఆనుతుందా, ఇక డిస్నీ మానాలా?" అని నువ్వు అడిగిన మాటకు నవ్వి ఊరుకున్నాను. చుట్టూ నలుగురున్నారు, బావ కూడా పక్కనే ఉన్నాడు, అందుకని. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మీరు అమెరికా వచ్చి నాలుగేళ్ళు. ఇప్పటికే మూడుసార్లు డిస్నీ వరల్డ్ చూసొచ్చారు. మొన్న ఎండాకాలం స్మోకీ మౌంటెన్స్‌కు పోతే మీ ఏడేళ్ళ పిల్లాడు రెండో రోజుకే "ఇక్కడ రైడ్లు ఏవి?" అని ముఖం మాడ్చుకున్నాడు. కొండ మీద పొగమంచు చూడరా అంటే ఫోన్ ఇమ్మన్నాడు. డిసెంబర్‌లో మిర్యాలగూడకు పోతున్నారు. అక్కడ తాత, నాయనమ్మ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. అక్కడ కూడా వీడు ఇట్లాగే చేస్తే ముసలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నీ టెన్షన్.

ముందు ఆ తప్పు పిల్లాడి మీద వేయకు. మా ఇంట్లో ఈ జబ్బు మొదట పట్టింది నాకే.

మా అమ్మాయికి రెండేళ్ళున్నప్పుడు, 2010లో, మొదటిసారి డిస్నీకి పోయాం. మూడేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు కదా అన్నదే అప్పటి లెక్క. అట్లాంటా నుంచి ఆర్లాండో 440 మైళ్ళ దాకా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి పులిహోర డబ్బా సీటు కింద పెట్టుకుని ఐ-75 హైవే ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఆ తర్వాత ఐదేళ్ళు సెలవంటే అదే దారి. 2015లో మా ఆవిడ పోరు పడలేక నయాగరా పోయాం. పడవ లైన్లో నిలబడి, "ఇంకా ఎంతసేపో చెప్పే బోర్డు కూడా లేదు, ఏం నడుపుతున్నారు వీళ్ళు?" అని గొణిగింది మా పాప కాదు, నేను. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "జలపాతం చూడ్డానికొచ్చినవా, ఇక్కడ మేనేజర్ పోస్టుకొచ్చినవా?"

మనలాంటి వాళ్ళకు డిస్నీ అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో నాకు తెలుసు. మాది నల్లగొండ జిల్లా హాలియా. మా చిన్నప్పుడు సెలవులంటే అమ్మమ్మ ఊరు. యాత్ర అంటే యాదగిరిగుట్ట మొక్కు, లేకపోతే బడివాళ్ళు లారీ మాట్లాడి నాగార్జునసాగర్ తీసుకపోవడం. బావది కూడా ఇంచుమించు అదే బాల్యం అయి ఉంటుంది. డిస్నీ గేటు దాటగానే వచ్చే మెయిన్ స్ట్రీట్‌లో అడుగు పెట్టగానే పిల్లాడి కంటే ముందు వాడి నాన్న చిన్నపిల్లాడవుతాడు. దాన్ని నేను తప్పు పట్టను. పైగా ఏడాదికి దొరికేది పది, పన్నెండు రోజుల సెలవు. దాన్ని ఎట్లుంటుందో తెలియని చోట పెట్టడానికి చెయ్యి రాదు. డిస్నీ అయితే పైసా వసూల్ అన్న ధీమా.

ఆ ధీమా వాళ్ళు ఊరికే ఇవ్వడం లేదు. 1971 అక్టోబర్ 1న తెరిచిన ఆ జాగా సుమారు 25 వేల ఎకరాలు, మన దగ్గరైతే పది ఊళ్ళ శివారు. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో మనం నడిచేది నిజానికి మేడ మీద. కింద సొరంగాల్లాంటి దారుల్లో పనివాళ్ళు తిరుగుతుంటారు, చెత్త గొట్టాల్లోంచి గాలితో లాక్కుపోతుంది. 2013లో మా అమ్మను తీసుకుపోతే రోజంతా తిరిగి ఆమె అడిగింది ఒక్కటే: "ఇంతమంది తిని పారేస్తున్నరు, ఒక్క చెత్తబండి కనబడదేంది బిడ్డా?" సిండ్రెల్లా కోట ఎత్తు 189 అడుగులే. పైకి పోతున్నకొద్దీ రాళ్ళు, కిటికీలు చిన్నవిగా కట్టి ఇంకా ఎత్తున్నట్టు చూపిస్తారు. లైన్లో నిలబెట్టినా ఖాళీగా నిలబెట్టరు. గోడ మీద ఒక బొమ్మ, మూలకు ఒక చప్పుడు, ఏదో ఒకటి. మూడు రోజులు అక్కడుంటే పిల్లలకు ఒకటి బాగా అలవాటవుతుంది: ప్రతి పది నిమిషాలకు ఎవరో వచ్చి ఏదో చూపించాలి. ఆ తర్వాత కొండ దగ్గరికి తీసుకుపోతే కొండ ఏం చూపిస్తుంది? అది అట్లా కూర్చుని ఉంటుంది.

ఇదంతా నాకు నయాగరాలో తెలియలేదు. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో సాగర్‌లో తెలిసింది.

డ్యాం నీళ్ళ మధ్య దీవిలా ఉండే నాగార్జునకొండకు పోదామని లాంచీ స్టేషన్‌కు పోయాం. పాపకు ఎనిమిదేళ్ళు. కౌంటర్ దగ్గరికి తనే పోయి "అంకుల్, వెయిట్ టైమ్ ఎంత?" అని అడిగింది. ఆయన "నిండినంక పోతది" అన్నాడు. నిండినంక అంటే ఎన్ని నిమిషాలని మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. నేనేం చెప్పాలి? ఎండ ఎక్కుతోంది, జనం పది మంది కూడా లేరు. నేను కౌంటర్ చుట్టూ తిరుగుతున్నాను, పాప మెట్ల మీద కాళ్ళు కొట్టుకుంటూ బోర్ బోర్ అంటోంది, నేను గయ్యిమన్నాను. మొత్తం సెలవు అక్కడే చెడేటట్టు ఉండింది.

మా నాయన మాత్రం ఉడకబెట్టిన పల్లీలు పొట్లం కట్టించుకుని మెట్ల మీద కూర్చున్నాడు. పాపకు ఒక్కో కాయ ఒలిచి ఇస్తూ, డ్యాం దిక్కు చూపించి, "మా అమ్మ దీనికి రాళ్ళు మోసింది" అన్నాడు, ఏ ముందుమాటా లేకుండా.

1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేసిన సంగతి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన సంగతి మేమంతా బళ్ళో చదివినవే. ఆ మధ్య పన్నెండేళ్ళలో వేల మంది తట్టలతో రాళ్ళు మోసి కట్టిన రాతి డ్యాం అది. మా నాయనమ్మ అందులో ఒక కూలి. మా నాయన పన్నెండేళ్ళ పిల్లాడప్పుడు ఆమెకు అంబలి సర్వ మోసుకుపోయేవాడట. నాకు ఈ కథ తెలుసు, కానీ నా బిడ్డకు నేనెప్పుడూ చెప్పలేదు. కోట మీద రాళ్ళు పైకి పోతే ఎందుకు చిన్నగుంటాయో మాత్రం బ్రహ్మాండంగా చెప్పాను.

"ఏ రాయి మోసింది?" అంది పాప.

మా నాయన కాసేపు నిజంగానే వెతుకుతున్నట్టు చూసి, "అగో, ఆ గేట్ల కింద ఎక్కడో ఉంటది" అన్నాడు. అంతే, అది గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి ఇరవై ఐదు వచ్చాయి, ఇంకోసారి ఇరవై ఏడు. ఇరవై ఆరు వచ్చేదాకా మా నాయన ఔననలేదు. గంటన్నరకు లాంచీ నిండింది. ఈ గంటన్నరలో మళ్ళీ వెయిట్ టైమ్ మాట రాలేదు. నీళ్ళలో మునిగిపోయే ముందు లోయలో తవ్వి తీసిన శిల్పాలను కొండ మీదికి చేర్చి పెట్టిన మ్యూజియం కూడా చూపించాను, కానీ దానికి ఇవాళ అదేమీ గుర్తు లేదు. పల్లీల ఉప్పు గుర్తుంది, మెట్ల మీద పడుకున్న కుక్క గుర్తుంది.

అన్నీ ఇట్లాగే కుదురుతాయనుకోకు. అదే ట్రిప్పులో పిల్లలమర్రి పూర్తిగా ఫెయిల్. మహబూబ్‌నగర్‌లో మా పెద్దమ్మ ఇల్లు, ఆ మర్రిచెట్టు ఆ ఊరి పక్కనే. అట్లాంటాలో విమానం ఎక్కింది మొదలు నేను ఊదరగొట్టాను: ఒకే చెట్టు మూడెకరాలు పరుచుకుంది, ఏడు వందల ఏళ్ళ చెట్టు, నీ డిస్నీలో లేదు ఇట్లాంటిది అని. ఆ చివరి మాటే కొంప ముంచింది. డిస్నీ వాళ్ళ యానిమల్ కింగ్‌డమ్ పార్కులో ట్రీ ఆఫ్ లైఫ్ అనే కట్టుడు చెట్టు చూశావు కదా, 145 అడుగుల ఎత్తు, ఒంటి నిండా మూడు వందలకు పైగా జంతువుల బొమ్మలు చెక్కి ఉంటాయి. మా పాప ఊడల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చి, "దీని మీద జంతువులేవి?" అంది. నా దగ్గర జవాబు లేదు. పోలిక తెచ్చింది నేనే కదా.

ఏడాదికి, 2017 డిసెంబర్‌లో, పిల్లలమర్రికి చెదలు పట్టి, చూడ్డానికి వచ్చేవాళ్ళను ఆపేశారు. 2018లో చెదల మందు కలిపిన నీళ్ళను సెలైన్ సీసాల్లో పోసి కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. పేపర్లో ఆ ఫోటో వస్తే ఫోన్లో పాపకు చూపించాను, ఏదో వింత అని అంతే. అది ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. ఆ తర్వాత నెలల తరబడి, పెద్దమ్మతో వీడియో కాల్ వచ్చిందంటే మొదటి ప్రశ్న "చెట్టుకు ఎట్లుంది?" అనే. ఆర్లాండో చెట్టుకు ఈ అవస్థ ఎప్పుడూ రాదు. లోపల ఉన్నది సముద్రంలో చమురు తవ్వే ప్లాట్‌ఫాంల కోసం వాడే రకం ఇనుప చట్రం.

అందుకని డిసెంబర్‌కు నేను చెప్పేది ఇదీ. మిర్యాలగూడలో దిగగానే మొదటి నాలుగు రోజులు ఏ ప్లానూ పెట్టకండి. పదిన్నర గంటల తేడాకు పిల్లాడు రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు, పగలు కారులోనే నిద్రపోతాడు. వాణ్ణి తాతకు అప్పజెప్పండి. ఆ ఊరి నిండా రైస్ మిల్లులే. ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు ఉంటారు, వడ్లు పోస్తే ఇటు బియ్యం, అటు ఊక రావడం దగ్గరి నుంచి చూపించమనండి. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటు ఒక సాయంత్రానికి సరిపోతుంది.

తర్వాత పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గుడికి తప్పకుండా తీసుకుపోండి. నల్లగొండ పక్కనే. మీవాడు డిస్నీలో హాంటెడ్ మాన్షన్, అదే దయ్యాల కొంప, చూశాడన్నావు కదా, వాడికి ఇది సరిగ్గా అతుకుతుంది. అక్కడ హాల్లో నాట్యమాడే దయ్యాలు పెద్ద అద్దంలో పడే ప్రతిబింబాలు. పాతకాలం నాటకాల వాళ్ళ ఉపాయమే అది. ఈ గుడిలో అద్దం లేదు, కరెంటు లేదు. గర్భగుడిలో దేవుడి వెనక స్తంభంలాంటి నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా పగలంతా ఆ నీడ అక్కడే. వాణ్ణి ముందే కూర్చోబెట్టి ఇదంతా చెప్పకు. నీడ చూపించి, ఏ స్తంభానిదో కనుక్కోమను. ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చూస్తాడు, చేతులు ఊపుతాడు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు. ఆ మాట కారులో తిరిగి వచ్చేటప్పుడు చెప్పు, అది కూడా అడిగితేనే.

ఎక్కడికి పోయినా "డిస్నీ కంటే బాగుంది కదా?" అని మాత్రం అడగొద్దు. బావకు కూడా ఈ మాట గట్టిగా చెప్పు.

ఇక డిస్నీ మానాలా అన్నావు. మానకండి, ఎందుకు మానడం? కానీ పక్కపక్కన పెట్టొద్దు. మేం ఇప్పుడు మూడేళ్ళకొకసారి పోతాం, పోయినప్పుడు నిజంగా సంబరంగానే ఉంటుంది. పదేళ్ళు నిండితే పెద్దల టికెట్ అని బావ తొందరపడుతున్నట్టున్నాడు. పిల్లల టికెట్‌కు, పెద్దల టికెట్‌కు తేడా చాలా తక్కువ, ఒకసారి చూసుకోమను. రోజు టికెట్ ఒక్కోటి ఎట్లాగూ వంద డాలర్ల పైమాటే. ఇంటి నుంచి తిండి తీసుకుపోనిస్తారు, గాజు సీసాలు తప్ప, కాబట్టి పులిహోర, చపాతీల మీద మొహమాటం పెట్టుకోకండి. అత్తామామలను జులైలో మాత్రం తీసుకుపోవద్దు. ఆ ఎండ, ఆ ఉక్క మన రోహిణి కార్తె కంటే ఏం తక్కువ కాదు, మా అమ్మ మోకాళ్ళు వారం రోజులు లేవలేదు.

ఆర్లాండోలో దారి పొడుగునా చవక టికెట్ల బోర్డులు కనబడతాయి. గంటన్నర మాట్లాడితే చాలు టికెట్లు ఫ్రీ అంటారు. మేం ఒకసారి ఆశపడి పోతే, టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు, అమ్మే గదిలో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. సంతకం చేయకుండా బయటపడ్డానికి చివరికి పాప ఏడుపే సాయమైంది. డిస్నీ వాళ్ళకు కూడా పాయింట్లు కొనుక్కునే వెకేషన్ క్లబ్ ఉంది, 1991 నుంచి. అది మోసమని నేననను. కానీ దశాబ్దాల ఒప్పందం, ఏటా మెయింటెనెన్స్ ఫీజు. డబ్బు కట్టామన్న పాపానికి ప్రతి సెలవూ అటే లాగుతుంది. వీసా మీద ఉన్నవాళ్ళు, ఎప్పుడు ఏ ఊరికి మారాలో తెలియనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఆ, సాగర్ శుక్రవారం పెట్టుకోకండి, కొండ మీద మ్యూజియం మూసి ఉంటుంది. లాంచీ నడుస్తుందో లేదో ముందురోజు ఎవరినైనా కనుక్కోమనండి, నీళ్ళ మట్టాన్ని బట్టి ఉంటుంది. ఎప్పుడు బయలుదేరుతుందని మాత్రం అడగొద్దు, నిండినంకనే. పల్లీలు మెట్ల దగ్గరే కొనండి, ఉడకబెట్టినవి. వేయించినవి మనకు అట్లాంటాలో కూడా దొరుకుతాయి.