చిన్న ట్రాక్టరుకు ఎలాంటి ట్రాలీ సరిపోతుంది?

24 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకు ట్రాలీ కొనాలా, చేయించుకోవాలా అని అడిగారు. అంతకంటే ముందు బ్రేకు సంగతి చూడండి. ఈ ట్రాక్టర్ల బరువు టన్నుకు అటూఇటూ ఉంటుంది. వెనుక రెండు టన్నుల ఇసుక వేసినా చదును దారిలో లాగేస్తుంది. చెరువు కట్ట దిగేటప్పుడు మాత్రం ట్రాలీయే ట్రాక్టరును నెడుతుంది. బ్రేకులు లేని ట్రాలీ అయితే సరుకుతో కలిపి దాని బరువు ట్రాక్టరు బరువును దాటనివ్వకండి.

రెండు చక్రాలది చాలు. ఇరుసు తొట్టికి నట్టనడుమ కాక కాస్త వెనక్కి ఉండాలి. బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద పడితే వెనుక టైర్లకు పట్టు దొరుకుతుంది. మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. హుక్కును ట్రాక్టరు వెనుక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబారు) తగిలించాలి. పనిముట్లను పట్టి ఉంచే పై కడ్డీ (టాప్ లింకు) దగ్గర కట్టి లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడవచ్చు, ప్రాణాల మీదికి వస్తుంది.

వెల్డింగు షాపులో చేయిస్తే పాత జీపు ఇరుసు వాడుకోవచ్చు. బేరింగులు విప్పించి చూడండి. పొలం వరకే అయితే అది చవక. రోడ్డెక్కాలంటే ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి, నేనైతే కాగితాలిచ్చే తయారీదారు దగ్గరే కొంటాను.