ప్రియాంప్ ఫేజ్ తిరగబడితే పాట పాడవుతుందా?

ప్రశ్న: ఈమధ్యే ట్యూబ్ ప్రియాంప్ (పవర్ యాంప్‌కి ముందు సిగ్నల్‌ని సిద్ధం చేసే పెట్టె) కొన్నాను. అవుట్‌పుట్‌లో ఫేజ్ తిరగబడుతుందని, అంటే సిగ్నల్‌లో ప్లస్ మైనస్‌గా, మైనస్ ప్లస్‌గా మారుతుందని దాని పుస్తకంలో ఉంది. మృదంగం పలచగా వినిపిస్తోంది. వాపసు ఇచ్చేయమంటారా సార్?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడకండి. ఒకే ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబు) దశ ఉండి, సిగ్నల్‌ని ప్లేటు (ఆ ఎలక్ట్రోడ్లలో ఒకటి) దగ్గర తీసుకుంటే అది తలకిందులవుతుంది. ట్యూబు తీరే అంత, లోపం కాదు. స్పీకర్ల దగ్గర ప్లస్, మైనస్ వైర్లు అటూ ఇటూ మార్చండి, లెక్క సరిపోతుంది. రెండు స్పీకర్లకూ మార్చాలి సుమా! నెల్లూరులో ఒకాయన ఇంట్లో లక్షల ఖరీదు సెట్టు. బేస్ లేదు, గొంతు నడిమధ్యన నిలవదు. వెనక్కి వెళ్లి చూస్తే ఎడమ స్పీకర్‌కి ఎర్ర వైరు నల్ల టెర్మినల్‌లో ఉంది. అంతే జబ్బు.

రెండూ కలిసి తిరగబడితే మాత్రం తేడా పట్టడం కష్టం. రికార్డింగులే అన్నీ ఒకే ఫేజ్‌లో ఉండవు.

మీ మృదంగం సంగతికి నా అనుమానం వేరే. ప్రియాంప్ చివర ఉండే కప్లింగ్ కెపాసిటర్ (పాట సిగ్నల్‌ని దాటనిచ్చి డీసీని ఆపేది) విలువ పుస్తకంలో చూడండి. 0.1 మైక్రోఫారడ్ ఉండి, మీ పవర్ యాంప్ ఇన్‌పుట్ నిరోధం 10 కిలో ఓమ్‌లైతే సుమారు 160 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి, ఫేజ్ కూడా 45 డిగ్రీలు జరుగుతుంది. ఇక తొప్పి (మృదంగం ఎడమ వైపు) మోత ఎక్కడ మిగులుతుంది? 100 కిలో ఓమ్‌ల యాంప్ అయితే ఆ బాధ 16 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. మీ యాంప్ మోడల్ రాయలేదు, ఈసారి రాయండి. కెపాసిటర్‌ని మాత్రం మీరు ముట్టుకోవద్దు, స్విచ్ ఆపినా లోపల ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.