అమ్మకు నాన్న కనిపిస్తున్నారట!

ప్రశ్న: నాన్న పోయి ఎనిమిది నెలలైంది. తెల్లవారుజామున హాల్లో ఆయన దగ్గు వినిపిస్తోందని, రెండుసార్లు పడక్కుర్చీలో కనిపించారని అమ్మ అంటోంది. అన్నయ్య ‘అంతా భ్రమ’ అని నవ్వేస్తాడు. ‘కళ్లారా చూశాను, ఇంకేం రుజువు కావాలి?’ అని అమ్మ ఏడుస్తుంది. ఇద్దరికీ మాటల్లేవు. ఈమధ్య ఒకాయన ఆత్మకు శాంతి చేస్తానని 60 వేలు అడిగితే అమ్మ ఇస్తానంటోంది. నేనెవరి వైపు మాట్లాడాలి?

జవాబు: మీ అమ్మగారు అబద్ధం చెప్పడం లేదమ్మా. ఆమెకు పిచ్చి పట్టిందనీ అనుకోవద్దు. డెవి రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి, ఆ వివరాలు 1971లో ప్రచురించారు. పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, గొంతు విన్నామనో దాదాపు సగం మంది చెప్పారు. చాలామందికి అది ఊరటే. అయినా ఎక్కువమంది అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. మీ అమ్మగారు చెప్పుకున్నారు, కన్నకొడుకు నవ్వాడు. చదువుతుంటే నాకే మనసు కష్టమైంది. ఈ సంగతి ముందు మీ అన్నయ్యకు చెప్పండి.

ఇక రుజువు మాట. దగ్గు వినిపించడం ఆమె అనుభవం, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ నాన్న అక్కడ ఉన్నందుకే వినిపించిందా, ఇన్నేళ్లుగా ఆ వేళకు ఆ శబ్దం వినడానికి అలవాటుపడిన మనసే వినిపించిందా అన్నది ఆ అనుభవంతోనే తేలదు. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా నిద్రకూ మెలకువకూ మధ్య లేని మనుషులు కనిపిస్తారు, గొంతులు వినిపిస్తాయి. ఆ క్షణాన అదంతా నిజమనే అనిపిస్తుంది. అందుకే ‘నాకు అంత స్పష్టంగా కనిపించింది’ అన్నమాట ఆమె నమ్మకానికి సరిపోవచ్చు గానీ, మీరూ నమ్మితీరాలనడానికి చాలదు. 60 వేలు ఇవ్వడానికైతే అసలే చాలదు. నాన్న కనిపించినప్పుడు భయమేసిందా, హాయిగా ఉందా అని అమ్మనే అడగండి. హాయిగా ఉందంటే ఇక శాంతి ఎవరికి? డబ్బు దగ్గర మాత్రం మీరు మెత్తబడొద్దు.

ఉన్నారా లేరా అనే వాదన ఇంట్లో ఆపేయండి. ‘నాన్న ఏ చొక్కా వేసుకున్నారమ్మా?’ అని అడిగి, ఆమెను చెప్పనివ్వండి. అన్నయ్యనూ పక్కన కూర్చోబెట్టండి, అతనూ తండ్రిని పోగొట్టుకున్నవాడే.

అయితే ఆ గొంతు తిడుతోందన్నా, ‘నువ్వూ వచ్చెయ్’ అంటోందన్నా, తిండీ నిద్రా మానేసినా, మతిమరుపు పెరిగినా వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. చూపు బాగా తగ్గినవాళ్లకూ లేనివి కనిపిస్తుంటాయి కాబట్టి ఒకసారి కంటి పరీక్ష కూడా చేయించండి.