చేపలంటే ఇష్టం సరే, లెక్కలంటే?

ప్రశ్న: మా అమ్మాయి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ మూడో ఏడాది చదువుతోంది. అలస్కా సముద్రంలో రాక్‌ఫిష్ అనే చేపలు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టే వాళ్ల గురించి ఏదో వీడియో చూసింది. అప్పట్నుంచి అదే ధ్యాస. చేపల్ని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా? అమెరికా పంపితే గిట్టుబాటవుతుందా?
- ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: ఉద్యోగమేనండీ. అయితే వీడియోలో పడవ, వల, చలికోట్లు కనిపించి ఉంటాయి. పని చాలావరకు కంప్యూటర్ ముందే జరుగుతుంది. అందుకే మీ అమ్మాయిని నేను అడిగే మొదటి ప్రశ్న చేపల గురించి కాదు, లెక్కల గురించి.

ముందు ఆ చేప సంగతి చెబుతాను. రాక్‌ఫిష్‌లో వందకు పైగా రకాలున్నాయి. ఎక్కువ భాగం ఉత్తర పసిఫిక్‌లోనే. మన కవళ్లు, కానాగంతలు రెండు మూడేళ్లు బతికితే గొప్ప. అలస్కాలోని రఫ్‌ఐ రాక్‌ఫిష్ 205 ఏళ్లు బతికిన దాఖలా ఉంది. వయసెలా తెలుస్తుందంటారా? చేప తలలో ఓటోలిత్ అనే చిన్న చెవిరాయి ఉంటుంది. దాన్ని మధ్యకు విరిచి, విరిగిన ముఖాన్ని మంటమీద కాస్త కాలుస్తారు. చెట్టు మొద్దులో మాదిరిగా వలయాలు నల్లగా తేలతాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడతారు. మన వెచ్చటి నీళ్లలో పెరిగే చేపలకు ఆ వలయాలు అంత స్పష్టంగా పడవు. అందుకే మన దగ్గర ఎక్కువగా చేపల పొడవులు కొలిచి వయసు అంచనా కడతారు.

ఇంతకాలం బతికే చేప ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది. 1960ల్లో సోవియట్, జపాన్ ట్రాలర్లు అలస్కా దగ్గర పసిఫిక్ ఓషన్ పెర్చ్ అనే రాక్‌ఫిష్‌ను ఊడ్చేశాయి. అది మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ‘ఈ ఏడాది ఎన్ని టన్నులు పట్టొచ్చు’ అన్న అంకె మీద అక్కడ అంత పట్టుదల అందుకే.

ఆ అంకె తేలేది ఇలా. వేసవిలో సర్వే పడవలు వల లాగుతాయి. గల్ఫ్ ఆఫ్ అలస్కాలో ఈ సర్వే రెండేళ్లకోసారి జరుగుతుంది. చిక్కేమిటంటే, పేరుకు తగ్గట్టే ఈ చేపల్లో చాలా రకాలు రాళ్ల సందుల్లో ఉంటాయి, అక్కడ వల లాగితే చిరిగిపోతుంది. వలకు దొరికిన దాన్నిబట్టి దొరకనిదాన్ని ఊహించాలి. సర్వే లెక్కలు, చెవిరాళ్ల వయసులు, బోట్ల వేట లెక్కలు అన్నీ కలిపి ఒక గణిత నమూనాలో పెడతారు. ఏటా సహజంగా నూటికి ఐదు చేపలు చస్తాయనుకుంటే ఒక కోటా, ఆరు అనుకుంటే ఇంకో కోటా వస్తుంది. ఆ ‘ఐదా, ఆరా’ దగ్గర నెలల తరబడి కూర్చునే పని ఇది. నవంబర్‌లో నిపుణుల బృందం ఆ నివేదికను చీల్చి చెండాడుతుంది, డిసెంబర్‌లో నార్త్ పసిఫిక్ ఫిషరీ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ కోటా ఎంత ఉండాలో ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ అయి ఉంటుంది. అంటే లెక్కలు పదో తరగతితో ఆగిపోయినట్టే. ఈ రంగంలో కాల్క్యులస్, మాత్రికలు, సంభావ్యత లేకుండా ఒక్క అడుగు పడదు. పైగా మన బీఎఫ్‌ఎస్సీ చదువు రొయ్యల చెరువులు, హేచరీల వైపే మొగ్గుతుంది. అది తప్పని నేననను, మన జిల్లాల్లో ఉద్యోగాలున్నది అక్కడే. కానీ ఈ దారికి అది చాలదు. ఇంటర్ ఎంపీసీ లెక్కల పుస్తకాలు ఇవాళే తెప్పించండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో స్టాటిస్టిక్స్ కోర్సులు ఉచితంగా దొరుకుతాయి, గణాంకాలకు వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ కూడా మొదలుపెట్టమనండి.

డిగ్రీ కాగానే అమెరికా విమానం ఎక్కించకండి. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎఫ్‌ఎస్సీ చేయించండి. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల పొడవులు కొలిచే పని ఎలా ఉంటుందో వెళ్లి చూడమనండి. ఆ తర్వాత పీహెచ్‌డీకి సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, జూనోలో యూనివర్సిటీ ఆఫ్ అలస్కా ఫెయిర్‌బ్యాంక్స్ శాఖ, కెనడాలోని వాంకూవర్‌లో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా (యూబీసీ) వంటివి చూడొచ్చు. ప్రొఫెసర్ అసిస్టెంట్‌షిప్, అంటే తన దగ్గర పనికి బదులు ఫీజు, జీతం ఇస్తేనే వెళ్లాలి. ఈ చదువుకు పొలం తాకట్టు పెట్టి పంపడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఎందుకంటే అలస్కా రాక్‌ఫిష్ లెక్కలు కట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (ఎన్‌ఓఏఏ), సముద్రాలు, వాతావరణం చూసేది. అందులో పర్మనెంట్ కొలువుకు సాధారణంగా అమెరికా పౌరసత్వం కావాలి. 2025లో అక్కడ ఉద్యోగాల కోత కూడా పడింది. పీహెచ్‌డీ తర్వాత యూనివర్సిటీల ద్వారా ప్రాజెక్టుల్లో చేరే వీలుంది కానీ అవి స్థిరమైనవి కావు. నేర్చిన విద్య మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. ఆ నమూనాలే సీషెల్స్‌లోని హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్‌లోనూ నడుస్తాయి, ఇటు కొచ్చిలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రధాన కార్యాలయంలోనూ నడుస్తాయి.

ఒక పని చేయండి. అలస్కా రాక్‌ఫిష్ అంచనా నివేదికలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించి అమ్మాయి చేతిలో పెట్టండి. మొదటిసారి సగం అర్థం కాదు, ఫరవాలేదు. గ్రాఫుల దగ్గరికొచ్చేసరికి పేజీలు తిప్పేస్తోందా, ఆగి ‘ఈ గీత ఇక్కడెందుకు పడిపోయింది’ అని అడుగుతోందా గమనించి నాకు రాయండి.