కార్డు ఉంది కానీ ఎమ్యులేటర్ దాన్ని వాడుకోవట్లేదు

ప్రశ్న: అన్నా, మాది కావలి పక్కన పల్లె, డిగ్రీ రెండో సంవత్సరం. ఈసారి రొయ్యల చెరువులో నాలుగు డబ్బులు మిగిలాయని మా నాయన లాప్‌టాప్ కొనిచ్చాడు, దాంట్లో ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉండాది. ఫోన్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే బ్లూస్టాక్స్ ఎమ్యులేటర్ వేసి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడతా ఉంటే ఆగి ఆగి పోతా ఉంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ 90 శాతం దాకా పోతా ఉంది, ఎన్‌విడియా మాత్రం సున్నా. ఒక షాపులో చూపిస్తే కార్డు పోయింది, బోర్డే మార్చాల అన్నారు. నాయనకి ఎట్టా చెప్పాలో తెలియట్లా. నిజంగా పోయిందా అన్నా?

జవాబు: తమ్ముడూ, నాయనకి ఇప్పుడే ఏం చెప్పబాక, బోర్డూ మార్పించబాక. కార్డు నిజంగా పోయుంటే మామూలుగా టాస్క్ మేనేజర్‌లో దాని పేరే కనపడదు, లేదంటే డివైస్ మేనేజర్‌లో దాని మీద పసుపు గుర్తు పడతది. నీకు పేరు కనపడతా ఉంది, సున్నా చూపిస్తా ఉంది అంటే దానికి పని ఇచ్చేవాళ్లు లేక ఖాళీగా కూర్చోనుంది, అంతే.

ఎందుకట్టా అంటే, ఇట్టాంటి లాప్‌టాపుల్లో రెండు గ్రాఫిక్స్ ఉంటాయి. ప్రాసెసర్‌లోనే కలిసుండే ఇంటెల్‌ది ఒకటి, కరెంటు తక్కువ తాగుద్ది. ఎన్‌విడియాది విడిగా ఉండే పెద్దది. 2010లో ఎన్‌విడియా ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చినప్పటి నుంచి చిన్న పనులు ఇంటెల్‌కి, బరువు పనులు పెద్ద కార్డుకి పోతాయి. ఏ పని బరువుదో డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, ప్రోగ్రామ్‌ని బట్టి తేల్చుకుంటది, పేరున్న ఆటలైతే డ్రైవర్‌కి ముందే తెలుసు, కానీ ఎమ్యులేటర్ లోపల నువ్వు ఏం ఆడతన్నావో దానికెట్టా తెలుస్తది, అందుకే మనమే చెప్పాల.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, కింద గ్రాఫిక్స్ అని ఉంటది, అది తెరువు. విండోస్ 10లో అయితే 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఇది ఉంది. అక్కడ డెస్క్‌టాప్ యాప్ అని పెట్టుకోని బ్రౌజ్ నొక్కు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, బ్లూస్టాక్స్‌ని తెరవడానికి మాత్రమే ఉండే లాంచర్ ఫైలుని ఇస్తారు, ఆటని నడిపేది అది కాదు. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, దాంట్లో బ్లూస్టాక్స్ ఫోల్డర్, దాంట్లో హెచ్‌డీ ప్లేయర్ అనే ఫైలు ఉంటది చూడు, అసలు బండి తోలేది అదే, దాన్ని ఇచ్చి ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి సేవ్ చెయ్యి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కూడా ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో అదే ఫైలుకి పెద్ద కార్డు పెట్టు. ఇక మీదట విండోసే చూసుకుంటది అని అక్కడ రాసి ఉన్నా కంగారు పడబాక, అప్పుడు విండోస్‌లో పెట్టిందే లెక్క. బ్లూస్టాక్స్ సొంత గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో కూడా డెడికేటెడ్ గ్రాఫిక్స్ అని కనపడితే టిక్ పెట్టేసెయ్. తర్వాత ఎమ్యులేటర్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరువు, లేకపోతే పాతదే నడుస్తది.

ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్‌కి పోయి పైన పేర్లుండే వరస మీద రైట్ క్లిక్ చేసి జీపీయూ ఇంజిన్ అనేది పెట్టుకో (జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డే), ఏ ప్రోగ్రామ్ ఏ కార్డు మీద ఉందో అక్కడ రాసుంటది, జీపీయూ 0 అంటే ఏ కార్డు, జీపీయూ 1 అంటే ఏ కార్డు అనేది పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పేర్లు చూసుకో. ఇంటెల్ కూడా కొంచెం కదలతానే ఉంటది, ఎందుకంటే చాలా లాప్‌టాపుల్లో స్క్రీన్ వైరు ఇంటెల్ గుండానే ఉంటది, పెద్ద కార్డు గీసిన బొమ్మని తెర మీదకి చేర్చేది అదే. అందుకే డివైస్ మేనేజర్‌లో ఇంటెల్‌ని డిసేబుల్ చెయ్యమని ఎవరన్నా చెప్తే మాత్రం అస్సలు వినబాక.

ఛార్జర్ పెట్టే ఆడు. మన పక్క మజ్జాన్నం కరెంటు పోతే బ్యాటరీ మీదకొస్తది, అప్పుడు కార్డు బలం బాగా తగ్గిపోతది, మళ్లీ కార్డు పోయిందేమో అనుకుంటావు. రోహిణి కార్తెలో అయితే పరుపు మీద పెట్టి ఆడబాక, కింద గాలి ఆడక వేడెక్కి అదే నెమ్మదిస్తది.

ఇదంతా చేసినా ఆగతా ఉంటే కార్డు వైపు చెయ్యాల్సింది అయిపోయినట్టే, ఇక ప్రాసెసర్ వైపు చూడాల. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందా చూడు, ఎమ్యులేటర్ వేగంగా నడవాలంటే అది కావాల, లేకపోతే బయోస్‌లో, అంటే లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో, ఆన్ చెయ్యి. ఎమ్యులేటర్‌కి నాలుగు కోర్లు, 4 జీబీ ర్యామ్ ఇవ్వు. లాప్‌టాప్‌లో మొత్తం 8 జీబీనే ఉంటే బ్రౌజర్ మూసేసి ఆడు.

ప్రశ్న: పొదిలి నుంచి రాస్తన్నాను సార్, పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్‌లో పాత ప్లేస్టేషన్ 2 ఆటలకి కూడా ఇదేనా?

జవాబు: ఇదే, కాకపోతే దాంట్లో ఇంకా సులువండి. దాని గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోనే అడాప్టర్ అని ఉంటది, దాంట్లో ఎన్‌విడియా పేరు ఎంచుకోండి. అయినా ఆట నెమ్మదిగా ఉంటే రిజల్యూషన్ తగ్గించి చూడండి, తగ్గించినా ఏం మారలేదంటే కార్డుది కాదు, ప్రాసెసర్‌ది.