మాస్టారూ, 427 వచ్చినా ఫెయిలేనా?

(పదో తరగతి పరీక్షల నియమాలపై పాఠకుల సందేహాలకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి రాశాడు. 600కు 427 వచ్చాయి. లెక్కల్లో 31 వచ్చాయని ఫెయిల్ చేశారు. మా వీధిలోనే ఇంకో పిల్లవాడికి అన్నీ కలిపి 214 వస్తే పాసయ్యాడు. వాళ్లు మిఠాయిలు పంచారు, మావాడు రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఇదేం న్యాయం మాస్టారూ? డబ్బు కట్టి పేపరు మళ్లీ దిద్దించవచ్చా?
– ఒక తల్లి, అద్దంకి

జవాబు: అమ్మా, ముందు పిల్లవాడికి అన్నం పెట్టండి. తర్వాత దీన్ని చదివి వినిపించండి.

నేను హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు తల్లిదండ్రుల సమావేశంలో ఏటా నల్లబల్ల మీద రెండు అంకెలు రాసేవాణ్ని: 195, 534. ‘వీటిలో ఏది పాసు?’ అని అడిగితే అందరూ 534నే చూపించేవారు. అది ఫెయిలు. పాసయ్యేది 195. పాసు మార్కులు అయిదు సబ్జెక్టుల్లో తలా 35, హిందీలో 20. సరిగ్గా అంతే వస్తే మొత్తం 195. ఆ పిల్లవాడు పాసు. అయిదు సబ్జెక్టుల్లో నూటికి నూరు తెచ్చుకుని లెక్కల్లో 34 దగ్గర ఆగిపోయినవాడికి 534. వాడు ఫెయిలు. మన ఆంధ్ర పదో తరగతిలో పాసు మొత్తాన్ని బట్టి రాదు, ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు గట్టెక్కాలి. మొత్తం మార్కులు పనికొచ్చేది పాసయ్యాకే, ఫస్టు క్లాసా, సెకండు క్లాసా అని చెప్పడానికి.

న్యాయమా అని అడిగారు. అన్నీ కాస్త కాస్త వచ్చినవాణ్ని దాటించి, ఒక్కటి రానివాణ్ని ఆపేయడం నాకూ మింగుడు పడేది కాదు. అయితే లెక్కలు వదిలేసినా ఫరవాలేదంటే మన బళ్లలో సగం తరగతి ఎనిమిదిలోనే లెక్కల పుస్తకం మూసేస్తుందని కూడా నాకు తెలుసు. అందుకే ఈ నియమాన్ని తిట్టుకుంటూనే అమలు చేశాను.

ఇక పేపరు సంగతి. మళ్లీ దిద్దించడం అనేది మన దగ్గర లేదు. ఉన్నవి రెండు. రీకౌంటింగు అంటే వేసిన మార్కుల కూడిక సరిచూడటం, సబ్జెక్టుకు రూ.500. రీవెరిఫికేషన్ అంటే కూడికతో పాటు దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా అని చూడటం, జవాబుపత్రం నకలు కూడా ఇస్తారు, సబ్జెక్టుకు రూ.1000. రెండోదానికి కడితే మొదటిదానికి వేరుగా కట్టనక్కరలేదు. దిద్దినాయన నాలుగు మార్కుల ప్రశ్నకు రెండే వేశాడని మీకు అనిపిస్తే, ఆ రెండును మూడు చేయించే దారి ఈ రెండింటిలోనూ లేదు.

తప్పులు జరగవా అంటే జరుగుతాయి. స్పాట్‌లో, అంటే జవాబుపత్రాలు దిద్దే కేంద్రంలో, నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. ఏప్రిల్ ఎండలో, పైన రేకుల కప్పు, ఫ్యాను గాలికి పేపర్లు ఎగరకుండా వాటి మీద మంచినీళ్ల సీసా. రోజుకు 40 జవాబుపత్రాలు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ముప్పయ్యో పేపరు దగ్గర కళ్లు బరువెక్కుతాయి. దిద్దిన మార్కులు కూడటానికి పక్కన స్పెషల్ అసిస్టెంటు ఉంటాడు, ఆయనకూ అదే ఎండ. ఒకసారి మా బడి అమ్మాయికి లెక్కల్లో 33 వచ్చాయి. నకలు తెప్పిస్తే, వెనక దారంతో కట్టిన గ్రాఫు కాగితం మీద ఎర్ర సిరా చుక్క కూడా లేదు. ఆ కాగితానికి 5 మార్కులు వచ్చి, 38తో పాసయింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రీవెరిఫికేషన్ తర్వాత వేల జవాబుపత్రాల్లో మార్కులు మారిన సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. కానీ నేను దగ్గరుండి పెట్టించిన దరఖాస్తుల్లో ఎక్కువ వాటికి వచ్చిన సమాధానం ‘మార్పు లేదు’ అనే. మీవాడికి కావలసింది 4 మార్కులు. పరీక్ష రాసి వచ్చిన రోజు ఎన్ని ప్రశ్నలు రాశానని చెప్పాడో గుర్తు చేసుకోమనండి. గ్రాఫు వేశానని గట్టిగా చెబితే వెయ్యి రూపాయలు పెట్టండి.

ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. ఆ ఫలితం వచ్చేదాకా చూద్దామని సప్లిమెంటరీ ఫీజు కట్టడం ఆపకండి. దాని గడువు మీ నకలు కోసం ఆగదు. మూడు సబ్జెక్టుల దాకా ఫీజు రూ.110. అక్కడ రాయవలసింది లెక్కలు ఒక్కటే. మిగతా అయిదింటి మార్కులు ఎక్కడికీ పోవు.

లెక్కల పేపరు ఎలా ఉంటుందో అబ్బాయికి ఒకసారి కాగితం మీద గీసి చూపించండి. మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొదటి రెండు రకాలూ కలిపితేనే 28. దాని మీద ఎనిమిది మార్కుల ప్రశ్న ఒక్కటి, రేఖీయ సమీకరణాల జతకు గ్రాఫు వేయడం వస్తే, 36. చిన్న ప్రశ్నల్లో నాలుగైదు మార్కులు పోతాయి కాబట్టి నాలుగు మార్కులవి రెండు చేయడం కూడా నేర్చుకోవాలి. మొత్తం 427 తెచ్చుకున్న పిల్లవాడికి మూడు వారాలు చాలు. రోజూ పొద్దున ఒక గ్రాఫు వేయించండి. స్కేలు కొత్తది కొనండి, అంచులు అరిగిన స్కేలుతో గీత వంకర పోతుంది.

ప్రశ్న: సార్, హిందీలో 20 వస్తే పాసే కదా. నాకు ఎలాగూ 40 దాకా వస్తాయి. హిందీ వదిలేసి ఆ సమయం సైన్సుకు పెట్టుకోవచ్చా? మా హిందీ టీచరుకు మాత్రం చెప్పకండి.
– పదో తరగతి విద్యార్థిని, గుడివాడ

జవాబు: చెప్పను తల్లీ. కానీ లెక్క చూడు. 20 అనేది పాసవడానికి గీసిన గీత. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. అక్కడ మీ హిందీ 40కీ, పక్క ఊరి అమ్మాయి హిందీ 90కీ తేడా 50 మార్కులు. ఆ 50 మార్కులు సైన్సులో ఎక్కడి నుంచి తెస్తావు? సైన్సు మొత్తమే 100, భౌతికం 50, జీవశాస్త్రం 50. హాస్టలు లేని ప్రభుత్వ బడిలో చదివితే 4 శాతం అదనంగా కలుపుతారు, అది నీకే కాదు, నీలాంటి అందరికీ. హిందీలో లేఖ ఒకటి, వ్యాసాలు రెండు మూడు, వ్యాకరణం. రోజుకు అరగంట. పాఠంలోని జవాబు ఒకటి చూడకుండా రాసి మీ టీచరుకే చూపించు, ఆవిడ మురిసిపోతుంది.

ప్రశ్న: మా మనవడు హైదరాబాదులో చదువుతున్నాడు. అక్కడ 20 మార్కులు బడివాళ్లే వేస్తారట, పరీక్ష 80కేనట. ఇక్కడేమో 100కూ పరీక్ష. ఒకే తరగతికి రెండు పద్ధతులేమిటి?
– ఒక తాతయ్య, మచిలీపట్నం

జవాబు: నిజమే పెద్దాయనా. రాష్ట్రాలు రెండయ్యాక బోర్డులూ రెండయ్యాయి. తెలంగాణలో పబ్లిక్ పరీక్ష 80కి, మిగతా 20 ఏడాది పొడవునా బడిలో పెట్టే పరీక్షలకు. 2024 నవంబరులో ఆ 20 తీసేస్తున్నామని ప్రకటించి, బడులు సగం ఏడాది నడిచాక ఇదేమిటని గోల రావడంతో ఆ ఏటికి పాత పద్ధతే ఉంచారు. 2025 నుంచి మార్కుల మెమో మీద జీపీఏ (గ్రేడ్ల సగటు) బదులు మార్కులు ఇస్తున్నారు. ఆంధ్రలో బడి వేసే మార్కులు ఎప్పుడో పోయాయి. ఆ 20 మీద నాకున్న అభిప్రాయం కటువుగా ఉంటుంది. ఏ బడి చూసినా అందరికీ 18, 19, 20. నేనూ అలాగే సంతకం పెట్టాను, పక్క బడి 20 వేస్తుంటే నా పిల్లలకు 14 ఎలా వేయను?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి మెమోలో వాళ్ల అమ్మ పేరు ‘లక్ష్మి’ని ఇంగ్లిషులో ‘ఎక్స్’ అక్షరంతో రాశారు. ఆధార్‌లో ‘కే ఎస్ హెచ్’ అని ఉంది. పాస్‌పోర్టుకు వెళ్తే తేడా ఉందన్నారు. ఇప్పుడు మార్చుకోవచ్చా? పుట్టిన తేదీ కూడా ఒక ఏడాది ఎక్కువ పడింది.
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు. మందు కూడా వేరు.

ముందుగా మీ అమ్మాయి చదివిన బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. అందులో సరిగా ఉండి మెమోలో తప్పు పడి ఉంటే సరిదిద్దుతారు. దరఖాస్తు హెడ్‌మాస్టరు ద్వారా, రిజిస్టరు నకలు జతపరిచి, డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయం మీదుగా పరీక్షల విభాగానికి వెళ్తుంది. రిజిస్టరులోనే ‘ఎక్స్’ ఉంటే మాత్రం మెమో జోలికి పోకుండా ఆధార్‌ను మెమోకు తగినట్టు మార్పించుకోవడం తేలిక. పుట్టిన తేదీ రిజిస్టరులోనే తప్పుగా ఉంటే అది పెద్ద పని. బడిలో చేర్చే రోజు మీరే నోటితో చెప్పిన తేదీ అది. ఆ రోజుల్లో పిల్ల చేయి తల మీదుగా వేసి ఎదుటి చెవి అందితే చేర్చుకునేవాళ్లం, అందకపోతే తండ్రే ఒక ఏడాది పెంచి చెప్పేవాడు. మీరు పెంచలేదని నేననడం లేదు.

ఇంకా చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు చెబుతున్నాను. పరీక్షకు ముందు బడివాళ్లు నామినల్ రోల్స్ తయారు చేస్తారు. పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, మీడియం అన్నీ అందులో ఉంటాయి. మెమో మీద అచ్చయ్యేది అదే. అచ్చు తీసిన కాగితం పిల్లల చేతికిచ్చి సంతకం పెట్టించమంటారు, పిల్లలు చదవకుండా పెట్టేస్తారు. ఆ కాగితం ఇంటికి పంపమని అడగండి. మెమోలో పుట్టుమచ్చలు కూడా రాస్తారు, రెండు కావాలి. నవంబరులో ఒక మధ్యాహ్నం పిల్లలందర్నీ వరండాలో వరసగా నిలబెట్టి మచ్చలు వెతికేవాళ్లం. మోచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి. ఒక అమ్మాయికి ఎంత వెతికినా ఒక్కటి కూడా దొరకలేదు. భోజనం వేళ దాటిపోతోందని మా గుమస్తా ‘ఎడమ చెంప మీద మచ్చ’ అని రాసేశాడు. పదేళ్ల తర్వాత ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరడానికి సర్టిఫికెట్ల తనిఖీకి వెళ్లి నాకు ఫోను చేసింది. ‘సార్, నా చెంప మీద మచ్చ ఎక్కడుందో చూపించమంటున్నారు.’

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. తొమ్మిదిలో బడి మానేశాను, ఇద్దరు పిల్లలు. అంగన్‌వాడీ కార్యకర్తగా చేరాలంటే పదో తరగతి కావాలంటున్నారు. ఇప్పుడు రాయవచ్చా? లెక్కలంటే భయం.
– ఒక గృహిణి, కనిగిరి

జవాబు: రాయవచ్చమ్మా. మీ దారి సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఓపెన్ స్కూల్ అంటారు. పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. ఇక్కడ ఆరు సబ్జెక్టులు అక్కరలేదు, అయిదు చాలు, అవి కూడా మీరే ఎంచుకుంటారు. అన్నీ ఒక్కసారే రాయాలని కూడా లేదు. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. ఈసారి తెలుగు, సాంఘికం రాసి పాసైతే అవి మీ ఖాతాలో నిలిచి ఉంటాయి, మిగతావి తర్వాత. ఆ సర్టిఫికెట్టు మామూలు పదో తరగతితో సమానమే.

లెక్కలు వదిలేసి ఇంకో సబ్జెక్టు తీసుకోవచ్చు. మీకు అంగన్‌వాడీ ఒక్కటే గమ్యమైతే వదిలేయండి. తర్వాత పాలిటెక్నిక్ లాంటి ఆలోచన ఏమాత్రం ఉన్నా లెక్కలు ఉంచుకోండి, దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు పదిలో లెక్కలు ఉండాలి. మీకు తొందర కూడా ఉంది. అంగన్‌వాడీ ఉద్యోగానికి 35 దాటకూడదు, తొమ్మిది అవకాశాలున్నాయి కదా అని నింపాదిగా కూర్చుంటే ఆ వయసు వచ్చేస్తుంది. రెండేళ్లలో ముగించేలా చూసుకోండి.

మీ మండలంలో ఓపెన్ స్కూల్ కేంద్రం ఏ ఉన్నత పాఠశాలలో ఉందో కనుక్కోండి. మీరు తొమ్మిది చదివిన బడిలో రికార్డు షీటు అడిగి తెచ్చుకోండి, పుట్టిన తేదీకి అదే ఆధారం. పాత రిజిస్టరు బీరువాలో అడుగున ఉంటుంది, దాని తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు, గుమస్తా రేపు రమ్మంటాడు. రేపు కూడా వెళ్లండి.